ఒక్కో బండ వెనక్కి

కొండబస్సు తోలేవాడి భుజానికి ఒక రోగముంటుంది.
ఇంట్లో నిలబడినా
మలుపు తిరుగుతానే ఉంటుంది.
మా కుందనకు ఆ రోగమే ఉయ్యాల.
ఎడమకోసారి, కుడికోసారి,
దిగువ ఘాటులో ఆ పెద్ద వంపు కాడ కొంచెం నిదానం.
అంతే,
నా మెడ మీద వెచ్చగా చొల్లు కారుస్తా
నిద్దరబొయ్యేది.

దించితే లేస్తుంది,
అలిపిరిలో బస్సు ఆగంగానే
గుండు కొట్టించుకున్న పిల్లోళ్లు
ఉలిక్కిపడి లేచినట్టు.

ఒకటో తేదీ నుంచి రెడ్డిరాణికి రుయాలో నైటు డ్యూటీ.
నాకు తెల్లారి నాలుక్కి మొదటి ట్రిప్పు.
మునెమ్మత్త తోడు పండుకుంటుంది గానీ
ఆమె మోకాళ్లు బిడ్డను మొయ్యవు.

రెడ్డిరాణి చెప్పింది,
సూదిమందు కొలిచినట్టు:
"కళ్లు బరువెక్కాల, మూతపడకూడదు. అప్పుడు దించు.
ఏడిస్తే పక్కనే ఉండు, చెయ్యెయ్యి. ఎత్తుకోబాక.
నిద్దర నీ భుజంలో లేదు,
దాంట్లోనే ఉండాదని దానికి తెలియాల."

మునెమ్మత్త నవ్వింది.
"చేప్పిల్లకు ఈత నేర్పినట్టుండాది మీ కత!
కొండమీద సామికే జోల పాడి ఊపాల."
"పాడినాక తలుపులేసి
అందరూ బయటికొచ్చేస్తారు గదత్తా" అన్నా.
ఆమె కాసేపు వక్క నమిలింది.
"వచ్చేస్తార్లే" అనింది.

మొదటి రాత్రి
కుర్చీని తొట్టికి ఆనించుకోని కూర్చున్నా.
ఏడ్చింది.
పొట్ట మీద అరచెయ్యి పెట్టినా.
దాని ఊపిరి నా చేతిని ఎత్తింది, దించింది,
ఎత్తింది, దించింది.
ఎవరు ఎవర్ని ఊపతా ఉండారో
కాసేపు తెలీలేదు.

మర్నాడు అరచెయ్యి పోయి వేళ్లు.
ఆ మర్నాడు ఒక్క చిటికినేలు.
అది కూడా నేను ఇయ్యలేదు, అదే పట్టుకుంది.
నాలుగో రోజు టీకా వేసినారు, జొరం.
ఆ రాత్రి భుజానేసుకోని
తెల్లవార్లూ ఘాటు రోడ్డంతా తిప్పినా.
రెడ్డిరాణి చూసింది, ఏమీ అనలేదు.
మళ్లా మొదట్నించీ, అరచెయ్యి.

మా ఇంటి నేల కడప బండలు.
తొట్టి నుంచి గడప దాకా ఏడు.
రాత్రికొక బండ
కుర్చీ వెనక్కి జరిపినా.
మూడో బండ కాడ కుర్చీ కాలు కిర్రుమంటే
నాలుగు కాళ్లకూ పాత గుడ్డ చుట్టినా.
రివర్సు గేరు నాకు కొత్త కాదు.
కానీ అక్కడ అద్దముంటుంది,
వెనక ఎవరో "రానీ, రానీ" అని కేకేస్తారు.
ఇక్కడ చీకట్లో రెండు కళ్లు,
ఉండాడా పోయినాడా అని చూస్తా.
"ఉండా" అంటా.
అంతకంటే ఏమీ చెప్పకూడదు.
"ఉండా."

ఒకటో తేదీ రాత్రి
కుర్చీ గడప దాటింది.
లోపల అది పిడికిలితో ఏదో మాట్లాడుకుంది,
మడిమతో తొట్టి చెక్కను రెండుసార్లు కొట్టింది,
కొంచెం సణిగింది.
నేను సగం లేచినా.
అంతలో స్టేషను దిక్కు గూడ్సుబండి పోయింది, చాలా పొడుగుది.
అది పోయినాక చూస్తే
లోపల ఏ చప్పుడూ లేదు.

తొంగి చూడమని కాళ్లు,
చూడొద్దని రెడ్డిరాణి మాట.
వాకిట్లోకి పోయి నిలబడినా.
ఎంతసేపటికో తెలిసింది,
నేను ఊగతా ఉండా.
చేతుల్లో ఎవరూ లేరు,
ఎడమకోసారి, కుడికోసారి.

పదిన్నరకు వార్డులోనించి ఫోను, గుసగుసగా.
"పండుకుందా?"
"పండుకుంది."
"తనకై తానా?"
"తనే."
ఆ పక్క ఎవరి బిడ్డో ఏడస్తా ఉంది.
కాసేపు ఇద్దరమూ ఆ ఏడుపే విన్నాము.
"నువ్వూ పండుకో. నాలుక్కి బండి గదా."
"కుర్చీ మూల్లో పెట్టేసి పండుకుంటా" అన్నా.

పెట్టలేదు.